వాజా పేరెత్తని బల్ల

వాసన చూసి క్రిమి పేరు చెప్పగల ముక్కు లామారాది. ఆ పొద్దున వార్డు తలుపు తెరుచుకోగానే ముక్కుకి తగిలింది పచ్చచీము క్రిమి. తొట్టిలో ద్రాక్షపళ్ళు పులుస్తున్నప్పుడు వచ్చే తీపికంపు లాంటిది అది. ఎవడో పాపం, ఎన్నాళ్ళుగా కుళ్ళుతున్నాడో అనుకుంటూ తలెత్తింది. చక్రాల కుర్చీలో జుంబెర్. ఆ "పాపం" అక్కడికక్కడే వెనక్కి తీసేసుకుంది.

ఒకప్పుడు, క్రిములకి మందులు తయారుచేసే ఇదే ఇన్‌స్టిట్యూట్‌లో సామాన్ల గదికి అధికారి వాడు. ఇప్పుడు రెండు హోటళ్ళకి యజమాని. మెడ లావెక్కింది, జుట్టు తెల్లబడింది, మాటలో పెత్తనం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. జర్మనీ వెళ్ళి తుంటికీలు మార్పించుకున్నాడు. ఆ కీలులో క్రిమి చేరింది. అక్కడి డాక్టర్లు తమ దగ్గరున్న యాంటీబయాటిక్‌లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించారు. క్రిమి వాటిని మంచినీళ్ళలా తాగేసింది. ఇక కాలు తుంటిదాకా తీసెయ్యడమే, అప్పుడైనా బతుకుతావని నమ్మకం లేదు అన్నారు. చివర్లో ఒకాయన, మీ ఊరు తిబిలీసీలోనే ఫేజ్‌లున్నాయి కదయ్యా, ఇక్కడిదాకా ఎందుకొచ్చావని అడిగాడట. ఫేజ్ అంటే క్రిమిని తినే క్రిమి. ఒక్కో రకం ఫేజ్ ఒక్కో రకం క్రిమినే తింటుంది. మా ఊళ్ళో పిల్లల విరేచనాలకి అమ్మమ్మలు కూడా దాన్ని చెంచాతో తాగిస్తారు.

"నువ్వింకా ఇక్కడే ఉన్నావా లామారా!" అన్నాడు జుంబెర్, చుట్టాన్ని చూసినట్టు. "మన పాత శీతలగదిలో దీనికి సరిపడే ఫేజ్ ఉండకపోదులే."

"ఉండేదండీ," అంది లామారా. "మీ హయాంలోనే పోయింది."

వాడు దగ్గి, భార్య ననూలి వైపు తిరిగి మంచినీళ్ళడిగాడు. లామారా చేతికి తొడుగులు వేసుకుని కట్టు విప్పింది. పుండు పచ్చగా ఉంది. చూస్తుంటే ఆమెకి జాలి వెయ్యలేదు, అసహ్యమూ వెయ్యలేదు. చాలాకాలానికి గట్టిగా ఆకలేసినట్టనిపించింది.

అంతర్యుద్ధం నాటి ఆ చీకటి ఏళ్ళ సంగతి చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. వీధుల్లో తుపాకులు, ఇళ్ళల్లో కరెంటు లేదు, పొయ్యిలోకి పార్కుల్లో చెట్లు నరుక్కునేవాళ్ళం. ఇన్‌స్టిట్యూట్ శీతలగదిలో రెండు తరాల వాళ్ళు నదుల్లోంచీ, మురుగుకాలవల్లోంచీ, పుళ్ళలోంచీ ఏరి తెచ్చిన ఫేజ్‌ల గాజుసీసాలుండేవి. చలికాలం ఏదోలా గడిచింది, చలే కాపాడింది. వేసవికి ఒక్క జనరేటరే దిక్కు. వేసవి మొదట్లో ఓ రోజు తెల్లవారి చూస్తే అది లేదు. తుపాకులవాళ్ళు వచ్చారనీ, కాపలా ఉన్న వాజా తాళంచెవులు వాళ్ళ చేతిలో పెట్టి పంపించేశాడనీ జుంబెర్ చెప్పాడు.

వాజా లామారా మొగుడు. అదే ల్యాబ్‌లో పనిచేసేవాడు. జనరేటర్ పోయిన కొన్నాళ్ళకే కట్టెలు కొడుతూ పాదం మీద గొడ్డలి పడి మంచాన పడ్డాడు. పాదం వాచి నల్లబడింది. ఆ క్రిమిని తినే ఫేజ్‌ని పట్టుకున్నవాడు అతనే, అది శీతలగదిలోనే ఉంది. గది పొయ్యిలా కాగిపోయి, సీసా తెచ్చి పోసేసరికి అందులో ఉన్నది ఉత్త నీళ్ళే. తన ఫేజ్ తనకే అందక పోయాడు మనిషి. పోయేముందు పెళ్ళాం చెయ్యి పట్టుకుని, తాళాలు నేనివ్వలేదే, లారీ తెచ్చింది జుంబెరే, అన్నాడు. అది ఎవరికి చెప్పుకోవాలి? ఆ రోజుల్లో అడిగినవాడి ఇంటి మీదికి గుళ్ళొచ్చేవి. రోజులు చల్లబడ్డాక చెప్పింది. మొగుడు పోయిన మనిషి, అలా కాక ఎలా అంటుంది పాపం, అని ఊరుకున్నారు.

చనిపోయినవాళ్ళ మీద మా వాళ్ళు చెడ్డమాట అనరు. అందుకే వాజాని ఎవరూ తిట్టలేదు. అంతకంటే ఘోరం చేశారు. ఈస్టర్ తర్వాత ఇన్‌స్టిట్యూట్ వాళ్ళంతా ఒక బల్ల చుట్టూ చేరతారు. బల్లకి పెద్ద అయిన తమదా లేచి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ ఎత్తుతాడు. పేరు పేరుకీ రొట్టె మీద ద్రాక్షసారా చుక్క ఒలికించి తాగుతారు. వాజా పేరు దగ్గరికొచ్చేసరికి దాటేసి తర్వాతి పేరుకి పోతాడు. లామారా గ్లాసెత్తి పట్టుకుని, ప్రతి ఏడూ చెయ్యి నొప్పెట్టేదాకా ఎదురుచూసి దించేసేది. తిట్టినా ఇంత కాలేది కాదు.

ఇంట్లో వాజా అక్క మఖ్వాలా ఉంది. కొండల మీది మనిషి, తమ్ముడు పోయిన రోజు కట్టిన నల్లబట్ట ఇప్పటికీ విప్పలేదు. తమ్ముడి పేరెత్తి తాగేదాకా పరాయి బల్ల మీద ముద్ద ముట్టనని ఒట్టుపెట్టుకుంది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని వచ్చేస్తుంది. జుంబెర్ వార్డులో ఉన్నాడని లామారా చెప్పగానే పిండి పిసుకుతున్న చెయ్యి ఆపి, దేవుడి పటం వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

"వెతుక్కుంటూ నీ దగ్గరికే వచ్చాడే," అంది. "నువ్వేం చెయ్యనక్కర్లేదు. చెయ్యి వెనక్కి తీసుకో, చాలు. ఫేజ్ దొరకలేదని చెప్పు."

"అలా చెప్తే చస్తాడు వదినా."

"చావనీ."

"చస్తే ఏమవుతుందో ఆలోచించావా? చచ్చినవాడి కళ్ళు చారెడు. పెద్ద బల్ల వేస్తారు. ఇంతటివాడూ అంతటివాడూ అని ఊరంతా తాగుతుంది. ఇక వాడి మీద ఎవరూ నోరెత్తకూడదు. వాజా సంగతి వాడితోపాటే గోతిలోకి పోతుంది. నిజం ఒక్కడి నోట్లో ఉంది, ఆ నోరు కుళ్ళిపోనిస్తానా నేను? వాణ్ణి బతికిస్తాను. నిలబెట్టి మరీ కక్కిస్తాను."

ఎలా కక్కిస్తావని మఖ్వాలా అడిగింది. అది లామారాకీ తెలీదు.

ముందు వాడు బతకాలిగా. లామారా, జుంబెర్ పుండులోని క్రిమిని గాజుపళ్ళెంలో పెంచి, ఉన్న ఫేజ్‌లన్నీ దాని మీద చుక్కలు చుక్కలుగా వేసింది. ఒక్కటీ పనిచెయ్యలేదు. పనిచేసేది ఏదో ఆమెకి తెలుసు, ఆ వేసవిలో ఉడికి చచ్చిన వాటిలో ఉండేది. అప్పుడు సీసాకి తాడు కట్టుకుని, పెద్దాసుపత్రి మురుగు మ్త్క్వరి నదిలో కలిసే చోటికి వెళ్ళింది. రోగం ఎక్కడుంటే దాన్ని తినేదీ అక్కడే ఉంటుంది, మా వాళ్ళు మొదట నేర్చుకునే పాఠం అది. గట్టు మీద గాలం వేసుకున్న ముసలాయన, ఇక్కడ చేపలు తినడానికి పనికిరావమ్మా అన్నాడు. నాక్కావలసింది చేప కాదులే తాతా అంది లామారా.

ఆ మురుగుని వడకట్టి వేసిన పళ్ళెంలో, మందంగా పరుచుకున్న క్రిమి మధ్య బోసి మచ్చలు కనిపించాయి. ఫేజ్ తిన్నచోటు అలా చిల్లులు పడ్డట్టుంటుంది. ఆ మచ్చలు చూసి లామారా సంతోషం పట్టలేకపోయింది. శత్రువు బతుకుతాడని ఇంత సంతోషించిన మనిషి ఊళ్ళో మరొకరుండరు.

పుండులోకి సన్నగొట్టం పెట్టి ఫేజ్ పొయ్యడం మొదలుపెట్టారు. జ్వరం దిగింది. జుంబెర్ ఆకలేస్తోందన్నాడు. అంతలో ఓ రోజు లామారా వార్డులోకి వస్తే గుప్పున నాటుసారా కంపు. ననూలి పల్లెటూరి నుంచి తెప్పించిన ద్రాక్షతొక్కు సారాతో మొగుడి పుండు ప్రేమగా కడుగుతోంది. మా ఆడవాళ్ళకి తలనొప్పి నుంచి పక్షవాతం దాకా అన్నిటికీ అదే మందు. ఆ సారా క్రిమి దాకా చేరదు, పైనున్న ఫేజ్‌లని మాత్రం ఊచకోత కోస్తుందని లామారా ఆవిడ మీద పడి అరిచింది. సీసా లాక్కుని సింకులో ఒంపేసింది. మొగుణ్ణి చంపుకుంటావా అంది. నేను చంపనివ్వను అంది. ఆ రోజు నుంచి మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నర్సులు వింతగా చూశారు. సొంత మొగుడికైనా ఇంత కాపలా కాసిందో లేదో అని ఒకత్తె గొణిగింది. లామారా కుర్చీని మంచానికి ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. కాయడానికి అప్పుడు ఫేజ్ ఉంటేగా.

ఆ తర్వాత మళ్ళీ జ్వరం వచ్చింది. పుండు పచ్చబడింది. క్రిమి ఫేజ్‌కి కూడా లొంగని రకంగా మారిపోయింది. లామారా కట్టు మారుస్తుంటే ననూలి మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది.

"దేవుడికి కళ్ళు లేవు డాక్టరమ్మా," అంది. "ఈ ఫేజ్‌ల కోసం ఎంత చేశాడీయన! ఆ వేసవంతా జనరేటర్ పక్కనే మంచం వేసుకు పడుకున్నాడట. అది ఒక్కరోజు ఆగకుండా నడిపి, మీ సీసాలన్నీ కాపాడాడట. అలాంటి మనిషికి ఆ ఫేజ్‌లే అక్కరకు రాకపోతే ఎలా?"

లామారా చేతులు ఆగిపోయాయి. ఎవరు చెప్పారమ్మా అని మెల్లిగా అడిగింది. ఇంకెవరు, ఆయనే అంది ననూలి. హోటల్ తెరిచినప్పుడు అందరి ముందూ చెప్పాడట. టీవీవాళ్ళకీ చెప్పాడట. ఆయన స్నేహితులు ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఆ జనరేటర్ పేరు మీద ఒక గ్లాసు తాగనిదే లేవరట. జుంబెర్ కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు. లామారా పుండుకి కట్టు బిగించి, చేతులు కడుక్కుని ల్యాబ్‌లోకి వెళ్ళిపోయింది.

ఫేజ్ నుంచి తప్పించుకున్న ఆ కొత్త క్రిమి మీద, జర్మనీవాళ్ళు వాడి వదిలేసిన పాత మందులన్నీ మళ్ళీ వేసి చూసింది. మర్నాడు పళ్ళెం చూస్తే ఒక మందు చుట్టూ పెద్ద బోసి వలయం. మొన్నటిదాకా క్రిమి నవ్వుతూ తాగేసిన మందే అది. ఎందుకో లామారాకి అర్థమైంది. ఈ క్రిమి ఒంటికి ఒక తూము ఉంటుంది. లోపలికి వచ్చిన మందుని ఆ తూములోంచే బయటికి గెంటేస్తుంది. మురుగులో దొరికిన ఫేజ్ ఆ తూముని పట్టుకునే లోపలికి దూరుతుంది. ఫేజ్ బాధ పడలేక క్రిమి తన తూముని తనే పీకేసుకుంది. తూము లేదు కనక ఇప్పుడు మందుని గెంటలేదు. మందుని గెంటాలంటే తూము ఉండాలి, తూము ఉంటే ఫేజ్ వస్తుంది. అడకత్తెరలో పోకచెక్క.

లామారా ఆ పళ్ళెం చేత్తో పట్టుకుని ఒక్కతే నవ్వుకుంది. అంతలోనే నవ్వు ఆగి, కుర్చీలో కూలబడింది. జుంబెర్ కూడా ఇంతేగా! ఇన్‌స్టిట్యూట్ వాళ్ళకి, జనరేటర్‌ని వాజా వేసవి మొదట్లోనే ఇచ్చేశాడని చెప్పాడు. బయటివాళ్ళకి, తనే వేసవంతా నడిపానని చెప్పాడు. ఇన్నేళ్ళూ ఈ రెండు అబద్ధాలూ ఒక బల్ల దగ్గర కలుసుకోలేదు. ఉద్యోగం వదిలాక వాడు ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ బల్లకి రాలేదు, వాళ్ళని తన బల్లకి పిలవనూ లేదు. లామారా తన ఒంటరి నిజంతో ఒక్క అబద్ధం మీదికి పోయి ప్రతిసారీ ఓడింది. ఒక్కోదాన్నుంచి తప్పించుకోవడం వాడికి అలవాటే. రెండూ కలిపి వెయ్యాలి.

ఫేజ్‌నీ, మందునీ కలిపి ఇచ్చింది. క్రిమికి పారిపోయే దారి లేకపోయింది. పుండు ఎర్రగా, శుభ్రంగా మూసుకుంటూ వచ్చింది. ఆకులు పండబారేవేళకి జుంబెర్ చేతికర్రతో నడిచాడు. వార్డు అంతా తిరిగి నర్సులకి చాక్లెట్లు పంచి, లామారా దగ్గరికొచ్చి ఏం కావాలో అడగమన్నాడు. ఇల్లైనా సరే, కారైనా సరే.

"బల్ల వేయించండి," అంది లామారా. "మీ హోటల్లోనే. మీ స్నేహితుల్నీ, టీవీవాళ్ళనీ మీరు పిలవండి. మన పాతవాళ్ళని నేను పిలుచుకొస్తాను. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి, అదొక్కటే కోరిక."

మరొకడైతే అనుమానపడేవాడు. పొగడ్తకి అలవాటుపడ్డ మనిషికి అనుమానం ఎక్కడిది? వాళ్ళు నన్నింకా మర్చిపోలేదన్నమాట అని మురిసిపోయాడు. ఎవరికి ఏం చెప్పాడో వాడికే గుర్తులేదు. చెప్పీ చెప్పీ తను చెప్పిందే జరిగిందనుకునే దాకా వచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం బల్ల వేశారు. అక్రూటు ముద్దలో నానిన కోడి, జున్ను రొట్టెలు, మాంసం కుడుములు, మట్టి కూజాల్లో ద్రాక్షసారా. ఒకవైపు జుంబెర్ స్నేహితులు, కెమెరా పట్టుకున్న ఇద్దరు. మరోవైపు ఇన్‌స్టిట్యూట్ ముసలివాళ్ళు. వాళ్ళకి పెద్ద అవతందిల్, ఏటా ఈస్టర్ బల్లకి తమదా ఆయనే. వాజా పేరు దాటేసేది ఆ నోరే. మఖ్వాలా నల్లబట్టల్లో వచ్చి లామారా పక్కన ఖాళీ పళ్ళెం ముందు కూర్చుంది. ననూలి బతిమాలి బతిమాలి వడ్డించబోయింది, ఆవిడ చేత్తో పళ్ళెం మూసేసింది.

జుంబెర్ నేస్తం బద్రి ఆ రోజు తమదా. దేవుడికీ, దేశానికీ తాగారు. తర్వాత బద్రి పొడుగాటి కొమ్ము నిండా ద్రాక్షసారా పోయించుకుని, జుంబెర్ భుజం మీద చెయ్యేసి లేచాడు. చీకట్లో ఊరంతా వణుకుతుంటే, తుపాకులకి ఎదురొడ్డి, ఆ వేసవంతా జనరేటర్ పక్కనే మంచం వేసుకుని ఫేజ్‌లని కాపాడిన మగాడికి ఈ కొమ్ము అన్నాడు. కాపాడిన ఆ ఫేజ్‌లే ఇవాళ తిరిగి అతన్ని కాపాడాయి, చూశారా దేవుడి లెక్క అన్నాడు. అటువైపు వాళ్ళు కేకలేసి తాగారు.

ఇటువైపు ఒక్క గ్లాసూ లేవలేదు. అవతందిల్ తన గ్లాసుని బల్ల మీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని జుంబెర్ని చూశాడు. బద్రికి ఏమీ తెలియలేదు. వైద్యం చేసిన అమ్మకే అలవెర్ది అంటూ కొమ్ము లామారాకి అందించాడు. అలవెర్ది అంటే తర్వాతి మాట అప్పగించడం, అది అందుకున్నవాళ్ళు మాట్లాడి తీరాలి, వాళ్ళు మాట్లాడేదాకా ఎవరూ అడ్డురాకూడదు.

లామారా లేచింది. కొమ్ముని రెండు చేతుల్తో పట్టుకుంది.

"నేనూ ఆ జనరేటర్ పేరు మీదే తాగుతాను," అంది. "అటు కూర్చున్నవాళ్ళకి, దాన్ని వేసవంతా నేనే నడిపానని జుంబెర్ గారు చెప్పారు. ఇటు కూర్చున్నవాళ్ళకి, వేసవి మొదట్లోనే నా మొగుడు దాన్ని తుపాకులవాళ్ళకి అప్పగించాడనీ ఆయనే చెప్పారు. రెండూ ఆయన నోటి మాటలే. పోయిన జనరేటర్ పక్కన మంచం ఎలా వేశారో, పక్కనే ఉన్నదాన్ని నా మొగుడు ఎలా ఇచ్చేశాడో నాకు తెలీదు. అలవెర్ది మీకే జుంబెర్ గారూ. లేవండి. కాలు బాగానే ఉంది, కట్టు కట్టిన నాకు తెలుసు."

జుంబెర్ లేచాడు. అటు చూశాడు, కెమెరా కన్ను తనమీదే ఉంది. ఇటు చూశాడు, అవతందిల్ కళ్ళు ఉన్నాయి. నడిపాను అంటే వాజా ఇవ్వలేదు. వాజా ఇచ్చాడు అంటే తను నడపలేదు. అదో పాతకథ, ఇప్పుడెందుకు అని నీళ్ళు నమిలాడు. బద్రి కూడా అయోమయంగా, చెప్పరా, చెప్పేస్తే పోయె అన్నాడు. ననూలి మొగుడి చెయ్యి పట్టుకుంది. మంచం వేసుకున్నానన్నారుగా, చెప్పండి అంది ఎంతో నమ్మకంగా. దెబ్బల్లోకెల్లా గట్టిదెబ్బ అదే.

"అమ్మేశాను," అన్నాడు జుంబెర్.

వినపడలేదు, గట్టిగా చెప్పు అన్నాడు అవతందిల్.

"అమ్మేశాను. రుస్తవీలో పెళ్ళిళ్ళ హాలుకి. వాజా తాళాలివ్వనన్నాడు. తాళం పగలగొట్టించాను."

ననూలి వాడి చెయ్యి వదిలేసింది. కెమెరా పట్టుకున్నవాడు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. అప్పుడు అవతందిల్ లేచాడు. ముసలాయనకి లేవడానికి చాలాసేపు పట్టింది. రొట్టెముక్క అందుకుని దాని మీద సారా చుక్క ఒలికించాడు.

"వాజాకి," అన్నాడు. "మమ్మల్ని క్షమించు నాయనా."

ముసలివాళ్ళందరూ లేచారు. వాజాకి, వాజాకి, వాజాకి అని ఒక్కొక్కరే అంటూ తాగారు. బద్రి లేచాడు, అటువైపు వాళ్ళూ లేచారు. పోయినవాడి పేరు మీద తాగకపోతే మనిషి జాతిలోంచే వెలి. జుంబెర్ కూడా తాగాడు, ఆ కాలి మీదే నిలబడి. లామారా ఎత్తిన గ్లాసు ఇన్నేళ్ళకి నోటిదాకా వచ్చింది. అది ఖాళీ అయ్యేదాకా దించలేదు.

అందరూ కూర్చున్నాక జుంబెర్ బల్ల అంచు పట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

"దీనికంటే నన్ను చావనిచ్చి ఉండాల్సింది," అన్నాడు.

"చావనిస్తే నిన్ను పొగిడేవాళ్ళు," అంది లామారా. ఇన్నేళ్ళ "మీరు" ఆ క్షణాన ఊడిపోయింది. "నువ్వు బతకాలి జుంబెర్. నా చేత్తో బతికించాను, నిండు నూరేళ్ళు బతుకు. ఈ ఊళ్ళోనే, వీళ్ళ మధ్యే బతుకు. సోమవారం కట్టు మార్పించుకోడానికి రా, పుండు ఇంకా పూర్తిగా మానలేదు."

వాడు వెళ్ళి ఒక్కడే చివరి కుర్చీలో కూర్చున్నాడు. మఖ్వాలా పళ్ళెం మీంచి చెయ్యి తీసింది. సారా ఒలికించిన ఆ రొట్టెలోంచి ముక్క తుంచుకుని, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. కన్నీళ్ళు బుగ్గల మీదుగా రొట్టె మీదే పడుతున్నాయి.

"కోడికూర కూడా వేసుకో వదినా," అంది లామారా, గిన్నె ఆమె వైపు జరుపుతూ. "చల్లారితే బాగుండదు."